చూసెటందుకు మన దగ్గర ఏమున్నది?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూసున్నోళ్ళల్ల సగం మంది నౌకరీ చేసెటోళ్ళు, సగం మంది చదువుకునెటోళ్ళు. నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే ఎటు పోతరని అడిగితే జవాబు నాకు ఎరుకే. ఊటీ, గోవా, అరకు. మరి కరీంనగర్ చుట్టుపక్కల ఏమున్నదంటే, "ఏమున్నదన్నా, డ్యామున్నది" అంటరు. 2023ల మానేరు మీద తీగల వంతెన మొదలైనంక దానికి ఇంకో మాట కలిసింది. పొద్దుమీకి వంతెన మీద నిలబడి ఫోటో దిగుడు, ఇంటికి వచ్చుడు. వంతెనను నేను తప్పు పడ్తలేను. పిల్లగాండ్లు నలుగురు కలిసే జాగ అది, ఉండనీయండి. కానీ ఆ వంతెనకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంల వెయ్యేండ్ల కిందటి తెలుగు పద్యం చెక్కిన బండ ఒకటి ఎండకు ఎండుతున్నది. దాని దగ్గరికి పోయినోళ్ళు ఈ సభల ఎందరున్నరు? చేతులు లేపుండ్రి చూస్తా.

సరే, లెక్క తేలింది.

జగిత్యాల తొవ్వల గంగాధర మండలం ఉన్నది. అందులో కురిక్యాల ఊరు. ఊరి పక్కన బొమ్మలమ్మ గుట్ట. గుట్ట మీద పెద్ద బండకు జైన తీర్థంకరులను, చక్రేశ్వరిని చెక్కిండ్రు. కిందనే శాసనం. వేయించింది జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపకవికి స్వయాన తమ్ముడు. పంపడు మన వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువుల ఉన్నోడు. శాసనం సుమారు క్రీ.శ. 945 నాటిది. సంస్కృతం, కన్నడం, తెలుగు - మూడు భాషలు ఒకే బండ మీద ఉన్నయి. తెలుగు భాగంల మూడు కంద పద్యాలు. నన్నయ్య భారతం మొదలుపెట్టెటందుకు ఇంకా నూరేండ్లు ఉన్నది అప్పటికి! మన దగ్గర భాష లేదు, ఉన్నది యాస అని ఎక్కిరించినోళ్ళకు ఆ బండ ఒక్కటి చాలు జవాబు చెప్పెటందుకు. 2008ల తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు సంబురపడ్డం. ఆ పద్యాల దగ్గరికి మాత్రం మనమే పోలే.

పోకపోతే ఏమైతది అంటరా? కరీంనగర్ గ్రానైట్ దేశాలు దాటిపోతది. ఎట్ల పోతది? గుట్ట గుట్టనే కోసి పోతది. మీ చిన్నప్పుడు ఉన్న గుట్టలు ఎన్ని ఇప్పుడు గుంతలైనయో మీరే లెక్కపెట్టుకోండి. క్వారీ లెక్కల గుట్ట అంటే ఇన్ని క్యూబిక్ మీటర్ల రాయి. దాని మీద పద్యమున్నదా, బొమ్మ ఉన్నదా అన్నది కాయితంల ఒక గడి కూడా కాదు. నెలకు నాలుగు బస్సుల జనం ఎక్కి దిగే గుట్ట మీద చెయ్యి వెయ్యాలంటే ఎవ్వడైనా ఒకసారి ఆలోచిస్తడు. అడిగెటోడు లేని గుట్ట తెల్లారేసరికి లారీ ఎక్కుతది.

రాయి కథ ఇది. నీళ్ళ కథ ఇంకోటి. కరీంనగర్ నుంచి రాయపట్నం తొవ్వల పోతే వెల్గటూరు మండలం వస్తది. గోదావరి ఒడ్డుకు కోటిలింగాల. పెద్దవాగు వచ్చి గోదాట్ల కలిసే జాగ. శాతవాహనులల్ల మొదటి రాజు సిముకుని నాణేలు దొరికింది ఇక్కడనే. అంతకన్నా ముందటి గోబద, నారన, సమగోపల నాణేలు కూడా ఇక్కడ దొరికినయి. అంటే శాతవాహనులకు ముందే ఇక్కడ సొంత నాణెం కొట్టుకున్న రాజులున్నరు. తవ్వితే కోట గోడలు, ఇటుకల కట్టడాలు బయటపడ్డయి. మరి మనలో చాలామంది బడిల శాతవాహనులంటే ఏం చదువుకున్నం? అమరావతి, ధాన్యకటకం. అవీ గొప్పయే, కాదంటలేను. కానీ మొదలు ఎక్కడనో చెప్పకుండ కొసలు చెప్పిండ్రు. ఇప్పుడు అక్కడికి పోతే పాత ఊరి దిబ్బ చుట్టూ ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు కనబడ్తయి. 20 టీఎంసీల ప్రాజెక్టు. నీళ్ళు మనకు కావాలె, ఆ నీళ్ళ కోసమే కొట్లాడినం. అయితే మునిగేది ఏందో తెలిసి మునగనిచ్చుడు వేరు, తెలువక మునగనిచ్చుడు వేరు. గోదావరి ఒడ్డున నిలబడితే ఈ తేడా కడుపుల కలుక్కుమంటది.

ధూళికట్ట గురించి ఎక్కువ చెప్ప. పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలం, హుస్సేనిమియా వాగు ఒడ్డున పొలాల నడుమ బౌద్ధ స్తూపం. పడగ విప్పిన నాగుపాములను చెక్కిన రాతి ఫలకాలు దొరికిన జాగ. పోయి కూసుంటే చుట్టూ పైరు గాలి తప్ప చప్పుడు ఉండదు. వానకాలం అయినంక పోవాలె. ఎలగందుల ఖిల్లా అయితే మానేరు పక్కనే, ఊరికి ఆనుకొనే. ఆ ఖిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ వెలిసింది. ఈ మాట కరీంనగర్ కాలేజీ పిల్లలకే తెలువకపోతే ఎవలను అనాలె?

ఇగ తిండి సంగతి. దీని మీద నాకు కొంచెం కోపమున్నది. హైదరాబాదుల ఇప్పుడు "తెలంగాణ రుచులు" అని పెద్ద బోర్డులు పెట్టి సర్వపిండిని పళ్ళెంల ముక్కలు ముక్కలు కోసి అమ్ముతున్నరు. మండల కేంద్రంల దిగితే మాత్రం ఇడ్లి, మైసూరు బజ్జి, ఫ్రైడ్ రైస్. సర్వపిండి పుట్టిన ఊళ్ళనే సర్వపిండి అమ్మరు! బియ్యప్పిండిల నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగుకు నూనె రాసి, పిండి వొత్తి, ఏళ్ళతోటి బొక్కలు పెట్టి, సన్నటి మంట మీద ఎర్రగ కాల్చిన అంచు ఉంటది చూడండి, అది వేడి మీద అక్కడనే తినాలె. మూటగట్టి పట్నం పంపితే సాగుతది. కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చిపులుసు, జొన్నరొట్టె, తోటకూర, వానకాలమైతే మక్కగారెలు, డ్యాం చేపల పులుసు. ఇవన్నీ ఊర్ల ప్రతి ఇంట్ల వండుతరు. అమ్మాలని ఎవలకూ తోచలే, ఎందుకంటే కొనెటోడు ఎన్నడూ రాలే.

ఆర్మూర్ దగ్గర అంకాపూర్‌ను చూడండి. విత్తనాలకు పేరువడ్డ ఊరు. నాటుకోడి కూర వండిపెట్టి దేశమంత పేరు తెచ్చుకున్నది. ముందుగాల చెప్తే కోడిని కోసి, మసాల నూరి, అన్నంతో సహా ఇస్తరు. దానికి ఏ సర్కారు పథకం పెట్టింది? ఏ రిసార్టు కట్టింది? తొవ్వల పోయెటోళ్ళు ఆగి తిన్నరు, ఇంకొకలకు చెప్పిండ్రు. అంతే. కురిక్యాలల నలుగురు ఆడబిడ్డలు రొట్టె, పచ్చిపులుసు పెట్టి పైసలు తీసుకుంటే ఆ గుట్ట వాళ్ళకు అన్నం పెట్టే గుట్ట అయితది. అప్పుడు ఆ గుట్టను కాపాడుండ్రని మనం ఉపన్యాసాలు ఇచ్చే పని ఉండదు.

2021ల రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం కదిలిండ్రు. మంచిదే. కానీ ప్రతి గుడికీ, ప్రతి గుట్టకూ పారిస్ నుంచి కాయితం వచ్చేదాక కూసుందామా? రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది. పర్యాటకం అంటే ఇంకా బోటు, వంతెన, రంగుల లైట్లేనా? ఎలగందుల గోడలకు లైట్లు పెట్టుడు కన్నా, ధూళికట్ట తొవ్వకు ఒక బోర్డు, బొమ్మలమ్మ గుట్ట కింద తాగెటందుకు నీళ్ళు, ఆడోళ్ళకు మరుగుదొడ్డి. ఇవి అడుగుదాం ముందు.

పోదామనుకున్నోళ్ళకు నాలుగు మాటలు చెప్పి ఆపుతా. చెల్లెండ్లారా, 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల మీకు టికెట్ లేదు, ఆధార్ కార్డు జేబుల వేసుకోండి. పొద్దున్నే బయలెల్లండి, ఎండెక్కితే బండ కాలుతది. కురిక్యాలల దిగి శాసనం ఎక్కడ అని అడిగితే ఎవలూ చెప్పరు. బొమ్మలమ్మ గుట్ట అని అడగండి, పశులు కాసే పిల్లగాడైనా చూపెడ్తడు. అక్షరాల మీద సుద్దముక్క రుద్దకండి, పేర్లు గీకకండి. బువ్వ సంగతి ముందటి రోజే ఊర్ల ఎవలకన్న చెప్పి పెట్టుకోండి, ఎంతమందో లెక్క సరిగ్గ చెప్పండి. తిన్నంక పైసలు వద్దంటరు. బలవంతంగనైనా చేతిల పెట్టి రండి.