జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పంతుల్ని. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. నేను డాక్టరును కాను. మూడేళ్ళ క్రితం మా ఆపాకు రొమ్ము క్యాన్సరు వస్తే, ఆమె వెంట ఆసుపత్రికి తిరిగినవాణ్ణి. ఆ తిరుగుడులో నేర్చుకున్న నాలుగు మాటలు, చేసిన ఒక పొరపాటు ఆపా అనుమతితోనే మీకు చెబుతున్నాను.

గడ్డ చేతికి తగిలినా ఆపా ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదుగదా అనుకుంది, సిగ్గుపడింది. నొప్పి లేకపోయినా గడ్డను వెంటనే చూపించుకోవాలి.

తర్వాత కీమోథెరపీ మొదలైంది. ఆ మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సరు కణాలతోబాటు జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, రక్తం తయారయ్యే మూలుగ కూడా దెబ్బతింటాయి. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. ఇవి రోగం ముదిరిన గుర్తులు కావు. వీటికి భయపడి చికిత్స మధ్యలో మానకూడదు, డాక్టరుకు చెప్పుకోవాలి. వాంతి మాత్ర వాంతి వచ్చేదాకా ఆగకుండా, చెప్పిన వేళకే వేసుకోవాలి. నోరు పూస్తే కారం, పులుపు మాని, ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించాలి. ఆపాకు మెత్తని ఖిచిడీ కొంచెం కొంచెంగా పెట్టేవాళ్ళం.

ఇక నా పొరపాటు. రెండో కీమో అయిన పదోరోజు రాత్రి ఆపాకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. పారాసిటమాల్ ఇచ్చి, పొద్దున చూద్దాంలే అన్నాను. మాత్ర జ్వరాన్ని దాచిందేగాని తగ్గించలేదు. మందు ఎక్కించిన వారం, రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. తెల్లవారేసరికి ఆపాకు స్పృహ లేదు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, అల్లా దయవల్ల దక్కింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మీకిచ్చిన కాగితం చదివారా మాస్టారూ?" అని మాత్రం అడిగింది. పిల్లలకు చదువు చెప్పే నేను ఆ కాగితం చదవలేదు!

రంజాన్ వచ్చింది. రోజా ఉంటానని ఆపా పట్టుపట్టింది. రోగికి ఖురానే మినహాయింపు ఇచ్చిందని, అల్లా ఇచ్చిన వెసులుబాటును కాదనవద్దని మా ఇమాం సాబ్ నచ్చచెప్పారు.

సోదరులారా, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన క్యాన్సరు ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్‌గారి పేరు మోస్తోంది. అక్కడికి అన్ని మతాల పేదలూ వస్తారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేదల చికిత్స ఖర్చు ఎంతో తీర్చింది. కాని తోడు వెళ్ళే మనిషిని, కూలి పోయిన ఇంటికి బియ్యాన్ని మనమే ఇవ్వాలి. కనుక మన సంఘానికి మూడు మనవులు. జ్వరం సంగతి, ఆసుపత్రి ఫోను నెంబరు ఉర్దూలో, తెలుగులో అచ్చువేయించి ప్రతి రోగి ఇంటి గోడకు అంటిద్దాం. జకాత్‌లో కొంత పేద రోగుల కోసం తీద్దాం. రక్తమిచ్చే యువకుల జాబితా తయారుచేద్దాం. ప్లేట్‌లెట్లు కొద్దిరోజులకు మించి నిలవ ఉండవు, కాబట్టి మనుషులు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

ఆపా ఈవేళ రోజుకొక మాత్ర వేసుకుంటూ ఇంటిపని చేసుకుంటోంది. ఇప్పుడు పరదా అవతల కూర్చుని నా మాటలు వింటోంది. నాకు దొరికినట్టు రెండో అవకాశం అందరికీ దొరకదు. ఖుదా హాఫిజ్.