చీకటిలో మాటాడు కన్ను

ఇంట దీపమారిన వెంటనే, కంటికి పని లేకపోయినదని మన మనుకొందుము. నిజమునకు కంటిలోని కణములు ఎడతెగక మాటాడునది ఆ చీకటిలోనే. ఈ వింతను గూర్చియు, దానికి మూలమైన ఒక అతిసూక్ష్మ ద్వారమును గూర్చియు నేడు ముచ్చటింతము.

కంటి వెనుకగోడను కప్పియున్న పలుచని పొరకు రెటీనా అని పేరు. అందు మసక వెలుతురును గ్రహించు దండకణములును, పగటి వెలుగును రంగులను గ్రహించు శంకుకణములును గలవు. ఒక్కొక్క కంటిలో దండకణములే సుమారు 9 కోట్లు. ఇవి తాము కన్నదానిని తరువాతి నాడీకణమునకు తెలుపవలెను. కాని రెంటికిని నడుమ ఒక సన్నని సందు గలదు. కావున కణము గ్లూటమేట్ అను రసాయనమును ఆ సందులోనికి విడుచును. ఆ రసాయనము మిక్కిలి చిన్న సంచులలో నిండి, కణపు కొనయందు సిద్ధముగా నుండును.

ఆ సంచులకు నోరు తెరువుమని ఆజ్ఞ యిచ్చునది కాల్షియము. మన యెముకలకు బలము నిచ్చు కాల్షియమే. కణము లోపల స్వేచ్ఛగా నున్న కాల్షియముకంటె వెలుపల నున్నది సుమారు 10,000 రెట్లు ఎక్కువ. కణపు పొరలోని ద్వారములు తెరచుకొనగనే అది లోనికి చొచ్చును. సంచులు పొరతో కలిసిపోయి రసాయనము వెలువడును. నాడుల కొనలయందు కాల్షియముయొక్క యీ పాత్రను బెర్నార్డ్ కాట్జ్, రికార్డో మిలెడీ 1960 తరువాతి యేండ్లలో పరిశోధించి స్థాపించిరి. కాట్జ్ 1970లో నోబెల్ బహుమానము పొందినవారిలో నొకడు.

పెక్కు నాడీకణములలో ఈ ద్వారములు ప్రేరణ కలిగినపుడు క్షణకాలము తెరచుకొని మూసికొనును. వెలుగును గ్రహించు కణముల తీరు వేరు. చీకటిలో వాని ద్వారములు కొంతవరకు తెరచియే యుండును. రసాయనము నిరంతరము స్రవించుచుండును. వెలుగు సోకినపుడు కణములోని విద్యుత్ స్థితి మారి ద్వారములు మూసికొనును, స్రావము తగ్గును. వెలుగు సోకిన శంకుకణములో వోల్టేజి మరింత ఋణమగుటను జపాను శాస్త్రజ్ఞుడు త్సునెవో తొమితా చేప కంటియందు కొలిచి 1965లో ప్రకటించెను. కచేరీలో తంబురా శ్రుతి సాగుచున్నంతసేపు దానిని మనము గమనింపము; ఆగినచో వెంటనే తల యెత్తుదుము. అటులనే వెలుగు వచ్చిన వార్తను ఈ కణములు కేకతో గాక మౌనముతో తెలుపును.

ఇక ఈ ద్వారమే చెడినచో? ఎక్స్ క్రోమోజోము మీది ఒక జన్యువు దీని నిర్మాణమునకు ఆధారము. ఆ జన్యువులోని దోషము ఒక విధమైన పుట్టు రేచీకటికి కారణమని 1998లో తేలినది. ఇది ముఖ్యముగా మగపిల్లలకు తల్లివైపునుండి సంక్రమించును. కొందరికి రాత్రి చూపు తక్కువగును. పెక్కురకు పగటి చూపు సయితము మందగించును. కనుగ్రుడ్లు వణకుటయు గలదు. రెటీనాలోని విద్యుత్తును కొలిచి చూచినచో, వెలుగును గ్రహించు కణములనుండి వచ్చు మొదటి తరంగము ఇంచుమించు సరిగానే యుండును. తరువాతి కణముల తరంగము మాత్రము కుంచించుకొనిపోవును. అనగా కణము వెలుగును చూచినది, చెప్పలేకపోయినది.

రేచీకటి యనగనే మనము ఆకుకూరలను తలతుము. ఎ విటమిను లోపముచే వచ్చిన రేచీకటికి అది తగిన తలంపే. సకాలమున ఆ విటమిను నిచ్చినచో చూపు మరలును. కాని ఈ పుట్టు దోషము ఆకుకూరలతోగాని, పాలతోగాని పోవునది కాదు. లోపము కాల్షియములో లేదు, దాని ద్వారములో నున్నది. ఈ రెండింటినే గాక, క్రమముగా ముదురు ఇతర నేత్రవ్యాధులను గూడ పరీక్షచేతనే వేరుపరుపవలెను.

కావున మునిమాపువేళ తడుముకొని నడచు బిడ్డను "కన్నులు లేవా?" యని కసరకుందము. నేత్రవైద్యునికి చూపింతము. ఆ బిడ్డ కంటిలోనికి వెలుగు వచ్చియే యుండవచ్చును; దాని వార్త మాత్రము త్రోవలో నిలిచిపోయి యుండవచ్చును.