ఖాళీ కుర్చీ అంటే నలుగురు పరిశోధకులు

(జల్లాఖ్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ జల్లాఖ్ నుంచి కాస్త లోపలికి పోతే సఖీర్‌లో బహ్రెయిన్ యూనివర్సిటీ ఉంది. 1986లో పుట్టింది. మన ఉస్మానియా 1917 నాటిది. వయసులో తాత, కాని అధ్యాపకులెందరు అని అడిగితే తల దించుకోవాలె.

తెలంగాణ యూనివర్సిటీల్లో 1,061 పోస్టుల భర్తీకి 2017లో అనుమతి ఇచ్చిండ్రు. భర్తీ ముందుకు సాగలేదు. 2022 సెప్టెంబర్‌లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీలో పాసైంది, చట్టం కాకుండా ఆగింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. మూడో మాట గతి ఇదీ.

కాంట్రాక్టు సార్లు పాఠాలు చెప్తున్నరు కదా అంటరు కొందరు. నిజమే, వాళ్లు లేకుంటే క్లాసులే ఉండవు. (వాళ్ల జీతాల సంగతి ఇంకో సభంత ఉంది.) కాని యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గైడుగా రెగ్యులర్ అధ్యాపకుడే ఉండాలె. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకేసారి నలుగురికి, ప్రొఫెసర్ ఎనిమిదిమందికి గైడుగా ఉండొచ్చు. అంటే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటే కనీసం నలుగురు పిల్లల పరిశోధన మొదలే కాదు. రేపు పోస్టులు పడితే మన దగ్గర చదివినోళ్లు దరఖాస్తుకు ఎక్కడినుంచి వస్తరు?

2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చినయి. మనం అడిగేది ఒక్కటే: విభాగాల వారీగా, రిజర్వేషన్ రోస్టర్‌తో సహా ఖాళీల జాబితా ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలె. వినతిపత్రం వెనక బల్ల మీద ఉంది. భోజనాలకు ముందే సంతకాలు పెట్టండి.