చింతగింజల వేలము

బంతిని ముట్టకుండ, బ్యాటు పట్టకుండ, మైదానమున అడుగుపెట్టకుండ క్రికెట్టు ఆడు మార్గమొకటి కలదు. మా నర్మెట్టలో మేము ఎనమండుగురము మిత్రులము ఆ మార్గమున ఆడువారము. ఆడువారమనుట కొంత సాహసమే. ఆడువారు వేరు, మేము వారి పరుగులు లెక్క వ్రాసికొను గుమాస్తాలము. అయినను గెలుపు మాది, ఓటమి మాది, నడుమ వచ్చిన కలహములును మావే. 2016వ సంవత్సరమున మాలో ఒకని జట్టు మిగిలిన ఏడింటిని ఎట్లు అణగద్రొక్కెనో, దానివలన మా కూటమికి ఏమి సంభవించెనో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

నర్మెట్ట యనగానే ప్రాచీన సమాధులు బయల్పడిన ఊరు కదా యని కొందరు అడుగుదురు. 2017లో పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపిన నర్మెట్ట సిద్దిపేట జిల్లాలోనిది. మాది జనగామకు ఉత్తరముననున్న మండల కేంద్రము. మేము చెప్పబోవు వేసవిలో ఇది ఇంకను వరంగల్లు జిల్లాలోనే యుండెను. జనగామ జిల్లా ఏర్పడినది ఆ యేటి అక్టోబరు 11న.

ఈ ఆట మేము కనిపెట్టినది కాదు. దీని పుట్టినిల్లు అమెరికా. క్రికెట్టు కాక, వారి బేస్‌బాల్ ఆటమీద ఇది పుట్టినది. 1980లో డేనియల్ ఓక్రెంట్ అను రచయితయు, ఆయన మిత్రులును న్యూయార్కులోని ఒక ఫ్రెంచి భోజనశాలలో కలిసికొనుచు దీనిని నడిపిరి. ఆ భోజనశాల పేరులోని 'రోటిస్సెరీ' అను మాటయే చాలకాలము ఆటకు పేరైనది. నియమము సులభము. నిజముగా ఆడు క్రీడాకారులను మిత్రులు వేలములో పాడి పంచుకొందురు. ఒకనికి దక్కిన క్రీడాకారుడు మరియొకనికి దక్కడు. ఆతడు మైదానములో చేసిన ప్రతి పనికిని ఇచ్చట వాని యజమానికి లెక్క చేరును. ఇంత చేసియు, ఓక్రెంట్ తాను కనిపెట్టిన పోటీలో తానెన్నడును గెలువలేదు.

బేస్‌బాల్‌లోవలెనే క్రికెట్టులోను ఎవడేమి చేసెనో అంకెలలో తేలును. అన్ని ఆటలకును ఇది చెల్లదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టుపై ఇట్టి లెక్క నడుపవలెనన్న గోలు కొట్టినవాని పేర వ్రాయవచ్చును. బంతిని ముప్పది గజములు నడిపించి వాని కాళ్లముందు పెట్టినవాని పేర ఏమి వ్రాయుదుము?

2016లో దుర్ముఖి నామ సంవత్సరపు ఉగాది ఏప్రిల్ 8న వచ్చినది. మరునాడు ముంబయిలో ఐపీఎల్ పోటీలు ఆరంభము. ఉదయము పంచాంగ శ్రవణము, సాయంకాలము మా వేలము. డబ్బు పెట్టరాదని మొదటినుండి మాకొక కట్టుబాటు కలదు. అందుచేత తలకు నూరేసి చింతగింజలు లెక్కపెట్టి పంచుకొంటిమి. ఆ నూటితోనే పదకొండుమందిని కొనవలెను. ఎరువుల దుకాణము నడుపు మిత్రుడు వేలము పాడించెను. ఆయన దుకాణములోని పాత ఖాతా పుస్తకమే మా పోటీ పుస్తకము. పరుగునకు ఒక పాయింటు, వికెట్టునకు ఇరువది. క్యాచి పట్టినవానికి ఏమియు లేదు. ఇది న్యాయము కాదని మాకును తెలియును గాని, పుస్తకము వ్రాయు మిత్రుడు తన చేయి నొచ్చునని ఒప్పుకొనలేదు. ప్రతి ఆదివారమును ఒక్కొక్కరు తమ జట్టులో ఒకనిని విడిచి, ఎవరును కొనక మిగిలినవారిలో ఒకనిని తీసికొనవచ్చును.

విరాట్ కోహ్లీ పేరు రాగానే బోరుమోటార్లకు వైండింగు చేయు మిత్రుడు నలువది యొక్క గింజలు ముందునకు త్రోసెను. ఆయన మాటలు తక్కువవాడు. మేము నవ్వితిమి. నవ్వుటకు మాకు కారణము లేకపోలేదు. అంతకుముందు సంవత్సరము కోహ్లీ చేసిన పరుగులు 505. ఐపీఎల్‌లో అప్పటివరకు ఒక్క సంవత్సరమున ఎవరైనను చేసిన అత్యధికము 733. అది 2012లో క్రిస్ గేల్, 2013లో మైకేల్ హస్సీ చేసినది. నలువది యొక్క గింజలకు తగిన పరుగులు ఏ మనుష్యుడును చేయలేడని లెక్కలు చెప్పు ఉపాధ్యాయ మిత్రుడు కాగితముమీద చూపెను కూడ. మోటార్ల మిత్రుడు ఆ కాగితమును చూచి, తరువాత ఏబీ డివిలియర్స్‌కు మరి ఇరువది యేడు గింజలు పెట్టెను. సిక్సరుల వేడిలో మేము బౌలర్లను ఉపేక్షింపగా, భువనేశ్వర్ కుమార్‌ను ఆరింటికే కొనెను. మిగిలిన ఇరువది యారు గింజలతో ఎనిమిదిమందిని పోగుచేసికొనెను.

కోహ్లీ ఆ సంవత్సరము 16 ఇన్నింగ్సులలో 973 పరుగులు చేసెను. అందులో నాలుగు సెంచరీలు. డివిలియర్స్ 687. భువనేశ్వర్ 23 వికెట్లు తీసి ఆ పోటీలలో అందరికన్న మిన్న యయ్యెను. ముగ్గురివలననే మా పుస్తకమున 2,120 పాయింట్లు. అడుగుననున్న జట్టులోని పదకొండుమందియు కలిసి తెచ్చినది దీనికన్న తక్కువ. ఉపాధ్యాయుడు కొన్న డేవిడ్ వార్నర్ 848 చేసెను. వేరొక యేడైనచో ఆయనయే గెలిచియుండును. పాపము, ఆయన నేటికిని ఆ మాట చెప్పుచునే యుండును.

మోటార్ల మిత్రునికి అదృష్టము పండినదని మేము చాలదినములు అంటిమి. ఒకనాడు అడిగితిమి: ఆ నలువది యొక్క గింజలు ఎట్లు పెట్టితివి? ఆయన చెప్పినది ఇంతే: "సెమీఫైనల్ల ఓడినంక ఆయన మొఖం జూసిన. ఆకలి తీరలే ఆయనకు." వేలమునకు ఎనిమిది దినములు ముందు, మార్చి 31న, ప్రపంచ ట్వంటీ-20 సెమీఫైనలులో వెస్టిండీసు చేతిలో భారతదేశము ఓడినది. ఆనాడు కోహ్లీ 89 పరుగులు చేసి అవుటు కాకుండ నిలిచెను. ఆ ఆటను మేమును ఆయన ప్రక్కనే కూర్చుండి చూచితిమి. మేము ఓటమికి ఏడ్చితిమి. ఆయన 89ని చూచెను. ఇది ప్రజ్ఞయే యని మేము ఒప్పుకొనవలసియున్నది. అయితే అదే ప్రజ్ఞతో మరుసటి యేడు కోహ్లీకి ఏబది యెనిమిది గింజలు పెట్టెను. భుజపు గాయముతో ఆలస్యముగా దిగిన కోహ్లీ ఆ యేడు 308 చేసెను, మా మిత్రుడు ఆరవ స్థానమున నిలిచెను.

ఆ వేసవి కరవు వేసవి. మహారాష్ట్రలో త్రాగునీటికి కటకటగా నుండగా మైదానములకు నీళ్లు పోయుట తగదని వ్యాజ్యము నడచి, ఏప్రిల్ 30 తరువాతి పోటీలను ఆ రాష్ట్రమునుండి తరలింపవలెనని ముంబయి హైకోర్టు ఆదేశించెను. అందుచేత ముంబయి, పూణే జట్లు తమ ఇంటి ఆటలు కొన్ని మన విశాఖపట్టణమున ఆడినవి. మా ప్రాంతమునను బోరుబావులు ఒక్కొక్కటిగా ఎండినవి. నీరు దిగిన బోరులో మోటారు ఊరక తిరిగి కాలిపోవును. కనుక మార్చి, ఏప్రిల్ నెలలలో వైండింగు దుకాణమున తీరిక లేకుండెను. మే నెలలో పని తగ్గినది. మోటారు బాగుచేయించినను తోడుటకు నీరు లేనప్పుడు ఎవరు బాగుచేయింతురు?

మాలో అడుగుననున్న జట్టు ఒక పత్తి రైతుది. ఆయన వేలములో తొందరపడి మొదటి నలుగురికే తొంబది గింజలు చెల్లించెను. తక్కినవారిని ఒక్కొక్క గింజకు ఏరుకొనెను. అట్లు ఒక్క గింజకు వచ్చినవాడు ఆడమ్ జాంపా, పూణే జట్టులోని ఆస్ట్రేలియా స్పిన్నరు. మే 10న విశాఖలో హైదరాబాదుపై జాంపా 19 పరుగులకే 6 వికెట్లు తీసెను. హైదరాబాదు 137 మాత్రమే చేసియు నాలుగు పరుగులతో గట్టెక్కెను. మన జట్టు గెలిచెను, తన జాంపా ఆరుగురిని పడగొట్టెను. రెండు సంతోషములు ఒక్క రాత్రి దక్కినవాడు మాలో ఆయన యొక్కడే. బస్సుస్టాండు హోటలులో ఎనమండుగురికిని చాయ ఆయనయే త్రాగించెను.

నాలుగు దినములలో ఆ సంతోషము కొట్టుకొనిపోయినది. మే 14న బెంగుళూరులో గుజరాత్ జట్టుపై కోహ్లీ 109, డివిలియర్స్ అవుటు కాకుండ 129 చేసిరి. ఒకే ఇన్నింగ్సులో ఇద్దరును సెంచరీలు; వారిరువురు కలిసి జోడించినది 229. మా పుస్తకమున మోటార్ల మిత్రుని పేర ఒక్క ఆటకు ఇద్దరివలననే 238 పాయింట్లు పడినవి. పుస్తకము వ్రాయు మిత్రుడు కలము క్రింద పెట్టెను. "ఇగ రాసేదేమున్నది?" అనెను.

గెలుపు ఇంత పెద్దదైనచో ఆటకు ప్రాణముండదు. మరునాడు ఆదివారము. ఆటగాండ్రను మార్చుకొనుటకు నలుగురమే వచ్చితిమి. వచ్చినవారిలో ఒకడు, ఇట్లు చప్పగా నున్నది గనుక మిగిలిన పక్షము దినములకు తలకు ఐదువందల రూపాయలు పెట్టి క్రొత్త లెక్క మొదలుపెట్టుదమనెను. మాటకు మాట పెరిగినది. పాత సంగతులు, ఎవరి పెండ్లికి ఎవరు రాలేదన్న సంగతులు కూడ బయటపడినవి. తుదకు ఎరువుల మిత్రుడు పుస్తకము మూసి, "చింతగింజలైతెనే నేన్ రాస్త. పైసలైతె ఇంకోన్ని సూసుకోండ్రి" అని లేచెను. ఆ మాటతో ఆ ప్రస్తావన అణగినది. తరువాతి కాలమున దేశములో ఈ ఆట ఫోనులలోనికి ఎక్కి, డబ్బుతో కోట్లమందిని పట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి పందెముతో కూడిన ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమే చేసెను. మా గింజల జోలికి ఏ చట్టమును రాలేదు.

ఆ ఆదివారము రానివారిలో పత్తి రైతు ఒకడు. జాంపా గొప్పతనమును కోహ్లీ మ్రింగివేసెనని అలిగినాడని మేము తలచితిమి. కొందరము పరిహాసము కూడ చేసితిమి. అలుగలేదని మోటార్ల మిత్రునికి ఒక్కనికే తెలియును. ఏలయనగా రైతు వైండింగునకు ఇచ్చిన మోటారు పని పూర్తియై పదిదినములుగా దుకాణములో గోడప్రక్కన పడియుండెను. తీసికొనిపోవువాడు రాలేదు. బోరు పూర్తిగా ఎండినందున ఆయన హైదరాబాదునకు భవననిర్మాణపు కూలికి పోయినాడట. చెప్పి పోవుటకు మొగమాటపడినాడు.

శ్రోతలకు ఇచట ఒక విషయము చెప్పవలెను. మా నియమము ప్రకారము రెండు ఆదివారములు వరుసగా పలుకనివాని జట్టును రద్దుచేసి, వాని ఆటగాండ్రను తిరిగి వేలము వేయవలెను. వేలము వేసినచో అందరికన్న ఎక్కువ గింజలు మిగిలినవారికి లాభము. మోటార్ల మిత్రుని కడ గింజలు లేవు గనుక ఆయనకు నష్టమునులేదు, లాభమునులేదు. అయినను మే 22న ఆయన మా అందరి యెదుట హైదరాబాదునకు ఫోను చేసి, ఎవరిని విడుతువు, ఎవరిని తీసికొందువు అని అడిగెను. అవతల కాంక్రీటు కలుపు యంత్రపు చప్పుడు మాకును వినబడెను. రైతు ఒక పేరు చెప్పెను. మోటార్ల మిత్రుడు అది వద్దని, ఆ జట్టునకు ఇక ఆటలు లేవని మరియొక పేరు చెప్పెను. పోటీదారునకు సలహా యిచ్చుట న్యాయమా యని ఉపాధ్యాయుడు ఆక్షేపించెను. వార్నర్ యజమాని యగుటచే ఆయన ఆక్షేపణను ఎవరును చెవిని పెట్టలేదు.

మే 29న బెంగుళూరులో ఫైనలు. ఒకవైపు హైదరాబాదు, మరొకవైపు కోహ్లీ జట్టు. హోటలులోని టీవీ ముందు నిలుచుటకు చోటు లేదు. హైదరాబాదు 208 చేసెను. గేల్, కోహ్లీ మొదటి వికెట్టునకు 114 జోడించుసరికి హోటలు మూగబోయెను. గేల్ 76కు పోయెను. తరువాత కోహ్లీ 54 వద్ద బరీందర్ శరన్ బంతికి బౌల్డు కాగా, అందరికన్న ముందు బల్లమీదికి ఎగిరి కేకవేసినవాడు మా మోటార్ల మిత్రుడే. "అరె, పోయినోడు నీవోడే గదరా!" అని మేమనగా, "నా లెక్క ఎప్పుడో అయిపాయె" అని ఇంకను గట్టిగా అరచెను. హైదరాబాదు ఎనిమిది పరుగులతో గెలిచెను. హోటలువాడు ఫోను ఎత్తి పట్టుకొని ఆ కేకలను హైదరాబాదులోని రైతునకు వినిపించెను.

మృగశిర కార్తెలో వానలు పడగానే రైతు తిరిగి వచ్చెను. మొదట వైండింగు దుకాణమునకు పోయి మోటారు తీసికొనెను. కూలి సంగతి వారిద్దరికే తెలియును. తరువాత ఎరువుల దుకాణమునకు వచ్చి, విత్తనముల మాట యెత్తకముందే పోటీ పుస్తకము అడిగెను. ఆయన చూడగోరినది తుది పట్టిక కాదు. మే 10నాటి పుట తెరచి, జాంపా వరుసపై వ్రేలు పెట్టెను. ఆరు వికెట్లకు నూట యిరువది కావలసియుండగా, ఆ రాత్రి చాయల సందడిలో మావాడు 102 అని వ్రాసియుండెను. ఎర్రసిరాతో దిద్దితిమి. పదునెనిమిది పాయింట్లు పెరిగినవి. ఎనిమిదవ స్థానము మారలేదు. ఆయన రెండుమారులు సరిచూచికొని, పుస్తకము మూసి, పత్తివిత్తనముల ధర యడిగెను.