హంతకుడి పేరు ఇప్పుడే చెప్పకండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం, కలిసి చదువుకోవడానికి పాత డిటెక్టివ్ నవలలు ఎలా ఎంచుకోవాలన్నది. ఇరవై నిమిషాలు ఇచ్చారు. భోజనాలకు ముందు మాట్లాడేవాడి పరిస్థితి తెలుసు కాబట్టి పదిహేనులో ముగిస్తాను. మా బ్యాచ్‌లో పదకొండు మందిమి రెండేళ్లుగా నెలకోసారి ఒక పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నాం. ఊళ్లో ఉన్నవాళ్లు మన లైబ్రరీ గదిలో, దూరాన ఉన్నవాళ్లు ఫోన్‌లో. ఇప్పుడు దాన్ని సంఘం తరఫున అందరికీ తెరుద్దామని, తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కూడా రానిద్దామని అనుకున్నారు. అందుకే ఏ పుస్తకాలు అన్న ప్రశ్న వచ్చింది.

పొద్దున ఒక మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఇన్ని మంచి పుస్తకాలుండగా ఈ హత్యల గోల ఏమిట్రా?" అని అడిగారు. లెక్కల పుస్తకం మధ్యలో డిటెక్టివ్ పుస్తకం పెట్టుకుని చదువుతుంటే ఆ మాస్టారే లాక్కునేవారు. లాక్కున్న పుస్తకాన్ని ఆయన ఇంటికి పట్టుకెళ్లి పూర్తి చేసేవారని మాకు అప్పుడే అనుమానం. ఇప్పుడు వయసు వచ్చింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇది. మొదటి మూడు నెలలూ మేం పెద్ద పేరున్న సాహిత్య నవలలు చదివాం. మంచి పుస్తకాలే. కానీ గదిలో ఏం జరిగింది? ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు, సాహిత్యం అలవాటున్నవాళ్లు, నలుగురు మాట్లాడారు. మిగతా ఏడుగురూ "బాగుంది" అని ఊరుకున్నారు. మూడో నెలకి వచ్చింది ఐదుగురు. మనందరం ఒకే బెంచీల మీద కూర్చుని చదివినవాళ్లమే. ముప్ఫై ఏళ్లలో ఒకడు అమెరికా వెళ్లాడు, ఒకడు ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నాడు. పుస్తకం పేరుతో ఆ తేడా మళ్లీ గదిలోకి వచ్చి కూర్చుంది.

నాలుగో నెల అగాథా క్రిస్టీ మొదటి నవల 'ద మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' తీసుకున్నాం. 1920లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో క్రిస్టీ టార్కీ ఊళ్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. విషాల సంగతి ఆమెకు అక్కడ అబ్బింది. ఈ నవలలో చావుకి కారణం స్ట్రిక్నిన్. అది ఎలా పనిచేసిందన్న చోటే అసలు కీలకం ఉంది. మా బ్యాచ్‌లో ఒకడికి మందుల షాపుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఇంగ్లీషు నెమ్మదిగా కూడబలుక్కుని చదువుతాడు. మొదటి మూడు నెలలూ నోరు విప్పనివాడు, ఆ రోజు పుస్తకం సగంలో ఉండగానే, "ఈ సీసా సంగతి చూశారా?" అన్నాడు. ఎవరూ చూడలేదు. కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసేవాడు కూడా చూడలేదు. అది ఏమిటో ఇక్కడ చెప్పను, చదవబోయేవాళ్లున్నారు. ఆ రోజు నుంచి వాడు ఒక్క సమావేశం మానలేదు.

డిటెక్టివ్ నవలలో ఉన్న గుణం ఇది. మంచి డిటెక్టివ్ నవల పాఠకులందరికీ ఒకే సమాచారం ఇస్తుంది. ఎమ్మే చదివినవాడికి ఒక ఆధారం ఎక్కువ చూపించదు. బోలెడు పుస్తకాలు చదివినవాడు తప్పుదారి పట్టొచ్చు, దుకాణంలో పద్దులు రాసేవాడు సరిగ్గా పట్టుకోవచ్చు. కాబట్టి మన క్లబ్బుకి పుస్తకం ఎంచేటప్పుడు నేను మొదట చూసేది, ఈ రచయిత పాఠకుడితో న్యాయంగా ఆడుతున్నాడా లేదా అని.

ఇది నా సొంత కొలత కాదు. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అని ఒక కేథలిక్ మతాచార్యుడు ఉండేవాడు. తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడు. 1929లో ఆయన ఈ రచనలకి పది నియమాలు పెట్టాడు, కాస్త సరదాగానే. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికి దాచకూడదనేది అందులో ఒకటి. మరుసటి ఏడు లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. చెస్టర్‌టన్ దానికి తొలి అధ్యక్షుడు. కొత్త సభ్యుల చేత ఇలాంటి ప్రమాణమే చేయించేవారు.

ఈ కొలతతో చూస్తే షెర్లాక్ హోమ్స్ తప్పుతాడు! మీలో హోమ్స్ అభిమానులు చాలామంది ఉంటారు, నేనూ అభిమానినే. కానీ హోమ్స్ నేలమీద పాకి, భూతద్దంతో ఏదో చూసి, జేబులో వేసుకుంటాడు. అది ఏమిటో మనకి చివరికిగానీ చెప్పడు. అందుకని హోమ్స్ కథలు పిల్లలకి పైకి చదివి వినిపించడానికి బాగుంటాయి. తెలుగు అనువాదాలూ ఉన్నాయి. మధ్యలో ఆపి "దోషి ఎవరు?" అని అడగడానికి మాత్రం పనికిరావు.

మధ్యలో ఆపడం మా పద్ధతిలో ముఖ్యం. ఎంచిన పుస్తకంలో ఎక్కడ ఆపాలో ముందు ఒక్కడే చదివి చెబుతాడు. ఆ నెలకి వాడు నోరు కట్టుకోవాలి. అక్కడిదాకా చదివి అందరం వస్తాం. ఎవరి అనుమానం ఎవరిమీదో చీటీ రాసి, కారణం కూడా రాసి, మడిచి పాత జామెట్రీ బాక్సులో వేస్తాం. పేరు కరెక్టు, కారణం తప్పు అయితే సగం మార్కులే. లెక్కల మాస్టారి పద్ధతి. తర్వాత వారం చివరి అధ్యాయాలు చదివి చీటీలు విప్పుతాం. ఎల్లరీ క్వీన్ తొలి నవలల్లో ఆ ఆగే చోటు పుస్తకంలోనే ఉంటుంది. ఆధారాలన్నీ ఇచ్చేశాం, ఇక మీరు చెప్పండి అని పాఠకుడికి సవాలు విసిరి అప్పుడు ముగింపులోకి వెళతారు. మొదటిసారి చదివేవాళ్లకి అది చాలా తేలిక.

ఇక ఒక్కడూ చదువుకోవడానికి బాగుండి, పదిమంది కూర్చుంటే నడవని పుస్తకాలు కూడా ఉన్నాయి. ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్ ఐర్లండులో రైల్వే ఇంజనీరు. 1920లోనే 'ద కాస్క్' రాశాడు. రైళ్ల వేళలు, ఓడల వేళలు, ఎవడు ఎన్ని గంటలకి ఎక్కడున్నాడు, అన్నీ కొలిచి రాస్తాడు. నాకు ప్రాణం. కానీ ఇంజనీర్లు కానివాళ్లని నిద్రపుచ్చుతాడు, కాబట్టి ప్రతిపాదించడం లేదు. రేమండ్ చాండ్లర్ 'ద బిగ్ స్లీప్' వాక్యాల కోసం చదవాలి. అందులో కారు డ్రైవర్ని ఎవరు చంపారో నవలలో తేలదు, అడిగితే రచయితే తెలియదన్నాడని ప్రసిద్ధి. పిల్లలు ఉన్న గదిలో అది వద్దు కూడా.

బాగా నడిచేవాటిలో నేను మొదట చెప్పేది ఆంథనీ బర్క్‌లీ రాసిన 'ద పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్', 1929. ఇందాక చెప్పిన డిటెక్షన్ క్లబ్ పెట్టినవాళ్లలో ఈయన ముఖ్యుడు. కథే ఒక క్లబ్బు గురించి. ఒక పెద్దమనిషికి పోస్టులో చాక్లెట్ల డబ్బా వస్తుంది. ఆయన దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆ రెండో ఆయన భార్య తిని చనిపోతుంది. పోలీసులు చేతులెత్తేస్తారు. నేరాలంటే ఆసక్తి ఉన్న ఆరుగురు సభ్యులు కూర్చుని, ఒక్కో రాత్రి ఒక్కొక్కరు తమ పరిష్కారం చెబుతారు. వాస్తవాలు అవే, దోషులు మారిపోతుంటారు. విన్న ప్రతిసారీ ఇదే నిజం అనిపిస్తుంది, మర్నాడు అది కూలిపోతుంది.

నేను కరెంటు ఇంజనీరుని. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఏం జరుగుతుందో ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను. ఒకరు లోడు ఎక్కువైందంటారు, ఒకరు ఆయిల్ బాగాలేదంటారు, ఒకరు పిడుగంటారు. అందరి దగ్గరా ఉన్న రీడింగులు ఒకటే. అందరి నివేదికలూ చదవడానికి బాగానే ఉంటాయి. తనకి అనుకూలమైన రీడింగు పట్టుకుని మిగతావి వదిలేస్తే ఏ కారణమైనా రుజువు చేయొచ్చు. ఈ సంగతి ఏ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఇంత బాగా దొరకలేదు. ఈ నవలకి తర్వాతి రచయితలు ఏడో పరిష్కారం 1979లో ఒకటి, ఎనిమిదోది 2016లో ఒకటి రాశారు. తొమ్మిదోది మన పదో తరగతి పిల్లలు రాస్తే చూడాలని ఉంది.

రెండోది విల్కీ కాలిన్స్ 'ద మూన్‌స్టోన్', 1868. పెద్ద పుస్తకం, భయపడకండి. అది మొదట డికెన్స్ నడిపిన పత్రికలో వారం వారం సీరియల్‌గా వచ్చింది. వీక్లీలో సీరియల్ కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్లిన తరం మనది, ఆ పద్ధతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మూడు నెలలకి పంచుకుని చదవొచ్చు. 1799లో శ్రీరంగపట్నం కోట పడినప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి పవిత్రమైన వజ్రాన్ని కాజేస్తాడు. అది ఇంగ్లండులో ఒక అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా చేరుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. వజ్రం కథకి కోహినూరు కూడా ఒక ఆధారమని కాలిన్స్ ముందుమాటలోనే రాసుకున్నాడు. కోహినూరు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకుంటాం కదా, ఆ గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఈ నవలలో కథ ఒక్కరు చెప్పరు. ముసలి ఇంటి పెత్తందారు కొంత చెబుతాడు, భక్తి కరపత్రాలు పంచే పేదబంధువు కొంత, లాయరు కొంత. ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతారు. మేం ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర పంచాం. పెత్తందారు బెటరెడ్జ్‌ని మా రైతు మిత్రుడు తీసుకున్నాడు. యజమాని ఇంటి పరువు కాపాడటానికి ఆ ముసలాయన ఏం దాచుకుంటున్నాడో వాడు చెబుతుంటే, అలాంటి పెద్దమనుషుల్ని చూసి పెరిగినవాడి మాటలా ఉంది. అసలు దొంగతనం ఏది, కోటలో జరిగిందా, పడగ్గదిలో జరిగిందా అని ఆ రోజు రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. దొంగ ఎవరో తెలిసిపోయాక కూడా మాట మిగిలే పుస్తకం అది. లేకపోతే చీటీలు విప్పగానే టీలు తాగి లేచిపోతాం.

చరిత్ర మాస్టార్లకి ఒక పుస్తకం దాచి ఉంచాను. జోసెఫైన్ టే 1951లో రాసిన 'ద డాటర్ ఆఫ్ టైమ్'. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్న ఇన్‌స్పెక్టరు, మూడో రిచర్డ్ రాజు నిజంగానే అన్నకొడుకుల్ని చంపించాడా అని పుస్తకాలతో దర్యాప్తు చేస్తాడు. 1990లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం దీనికి అన్నింటికన్నా మొదటి స్థానం ఇచ్చింది. వంశవృక్షం బోర్డు మీద వేసుకుంటేగానీ ముందుకు నడవదు. అది వేసిపెట్టే మాస్టారు ఉంటేనే తీసుకుందాం.

పాత పుస్తకాల్లో పాత దురభిప్రాయాలు కూడా ఉంటాయి. పదిమంది దీవిలో చిక్కుకునే క్రిస్టీ నవల 1939లో ఇంగ్లండులో నల్లవాళ్లని అవమానించే మాట పేరుగా పెట్టుకుని వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో మార్చేశారు. 'అండ్ దెన్ దేర్ వర్ నన్' అనే ఆ పేరే ఇప్పుడు నిలిచింది. పిల్లలతో చదివేటప్పుడు ఆ సంగతి చెప్పే చదవాలని నా అభిప్రాయం.

ఇంకో ముక్క, కాస్త కటువుగా. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. కాలిన్స్, కానన్ డాయల్ రచనలు స్వేచ్ఛగా పంచుకోవచ్చు. క్రిస్టీ 1976లో పోయారు, అంటే 2036 చివరిదాకా కొనే చదవాలి. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంపకండి. దొంగని పట్టుకునే పుస్తకాన్ని దొంగతనంగా చదివితే ఏం బాగుంటుంది? కొనలేని పిల్లలకి సంఘం ప్రతులు కొనిపెడుతుంది, కోశాధికారిగారు తల ఊపారు, మీరంతా సాక్షులు.

మరి మన తెలుగువి? కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు తెలియనివాళ్లు మా తరంలో లేరు. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకునేవాళ్లం. సగం పుస్తకాలకి చివరి పేజీలు ఉండవు, ఉన్నవాటికి మొదటి పేజీలోనే ఎవడో పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రగారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. ఈ మాట మాస్టారికోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇవి చౌకబారువని లైబ్రరీలు కొనలేదు, అద్దె షాపులు మూతపడ్డాయి, దాంతో పుస్తకాలు పోతున్నాయి. ఇంగ్లండువాళ్లు తమ పాత డిటెక్టివ్ నవలల్ని వాళ్ల జాతీయ గ్రంథాలయం తరఫునే మళ్లీ అచ్చువేసుకుంటున్నారు. మనం ఏడాదికి రెండు తెలుగువి చదువుదామనుకుంటే పదిమందికి పది ప్రతులు దొరకడం లేదు. మీ ఇళ్లలో అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో చూడండి. అట్ట లేకపోయినా ఫర్వాలేదు. చివరి పేజీ ఉంటే చాలు.

తలుపు దగ్గర బల్ల మీద అట్టపెట్టె ఒకటి పెట్టించాను. దొరికిన పుస్తకాలు తర్వాతైనా తెచ్చి లైబ్రరీ గదిలో ఇవ్వండి. క్లబ్బులో చేరేవాళ్లు అక్కడే ఉన్న నోటుబుక్కులో పేరు, బ్యాచ్ రాయండి. మొదటి పుస్తకం చాక్లెట్ల నవల. చదివేసినవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి భోజనాల దగ్గర నోరు జారకండి.