పందుల ఊపిరికి బూజు బెడద



ఈ పూట పందుల మాట ముచ్చటించుకుందాము. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో పందుల పెంపకము నిన్న మొన్నటిది కాదు. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఇది. ఇప్పుడు సీమజాతి తెల్లపందులను కొట్టాలు కట్టి పెంచేవారున్నారు. పెరట్లో ఒకటి రెండింటిని పేరుపెట్టి పిలుచుకుంటూ సాకేవారూ ఉన్నారు. ఎవరికైనా సరే, ఒక సూడి పంది చస్తే ఆ సంవత్సరపు పెట్టుబడి పోయినట్లే.

పంది దగ్గుతున్నది, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నది. సూది వేయించారు. తగ్గలేదు. ఇంకొక సూది వేయించారు. అదీ పనిచేయలేదు. అప్పుడేమి చేయవలెను? మూడో సూది కొనబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్ళి పంది కింద పరచిన పక్కను చేతితో ఎత్తి చూడండి. ముక్కవాసన వస్తున్నదా? బూడిద రంగుగానో, పచ్చగానో పొడి లేస్తున్నదా? అయితే జబ్బుకు మూలము అక్కడే ఉండవచ్చును.

పందుల దగ్గుకు ఎక్కువగా కారణమయ్యేవి సూక్ష్మజీవులు, వైరస్‌లు, ఊపిరితిత్తులలో చేరే పురుగులు. బూజువల్ల వచ్చే జబ్బు వాటికంటే అరుదు. అరుదు గనుకనే దాన్ని ఎవరూ ముందుగా అనుమానించరు. ఈ బూజులలో ముఖ్యమైనదానిని ఆస్పర్జిల్లస్ అంటారు. తడిసిన గడ్డి, ఊక, చెనక్కాయ పొట్టు, ముక్కిన దాణా దానికి ఇల్లు. దాని బీజాలు ఎంత సన్ననివంటే, ఒక మిల్లీమీటరు పొడవున మూడు వందలకు పైగా వరుసగా పేర్చవచ్చును. అంత సన్ననివి కాబట్టే ముక్కులో ఆగక ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. పెంటకుప్పలోని వేడికే చావని బూజుకు పంది ఒంటివేడి ఒక లెక్కా?

ఆరోగ్యంగా ఉన్న పంది ఈ బీజాలను రోజూ కొన్ని పీలుస్తూనే ఉంటుంది. దాని ఒంటిశక్తి వాటిని అణచివేస్తుంది. బీజాలు మితిమీరినప్పుడు, లేదా పంది బలహీనపడినప్పుడు కీడు మొదలవుతుంది. పాలు మాన్పించిన పిల్లలు, పురుగులున్నవి, నాళ్ళతరబడి సూదులు పడినవి ముందుగా లొంగిపోతాయి. సూక్ష్మజీవులను చంపే మందు బూజును చంపదు. వాపు తగ్గడానికని వేసే స్టెరాయిడ్ మందు పంది శక్తిని ఇంకా తగ్గిస్తుంది.

ఇది సాధారణంగా ఒక పందినుండి మరొక పందికి అంటుకునే జబ్బు కాదు. ఒకే కొట్టంలో రెండు మూడు పందులు దీనితో పడితే, అవన్నీ ఒకే పక్కమీద పడుకున్నవని అర్థము.

మన ప్రాంతంలో ఈశాన్య ఋతుపవనాల వానలు, చెనక్కాయ నూర్పిళ్ళు తరచు ఒకేసారి వచ్చిపడతాయి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. వామి తడిసింది, కాయ తడిసింది. అట్లాంటి ఏడాది మనము చేసే పొరపాటు ఒకటున్నది. ఆవులు తినని గడ్డిని “పందులకేమిలే” అని కొట్టంలో పరుస్తాము. బూజు పట్టినదాన్ని ఎండబెట్టి పరిస్తే సరిపోతుందనుకుంటాము. అది సరికాదు. ఎండకు తడి పోతుంది గాని బీజాలన్నీ చావవు. పైగా, ఎండిన బూజు తడి బూజుకంటే ఎక్కువగా గాలిలోకి లేస్తుంది.

దాణాకూ ఇదే నీతి. బూజుపట్టిన చెనగచెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషము పుట్టవచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చినప్పుడు, వెదకగా వెదకగా తేలిన కారణము బూజుపట్టిన చెనగచెక్కే. ఈ విషము కాలేయాన్ని చెడగొట్టి, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. ఉడకబెట్టినా పోదు. హోటళ్ళ మిగులుకూడును తప్పక మరగకాచి పెట్టవలెను, నిజమే. కాని ముక్కిన చెక్కను కాచినందువల్ల మంచిదైపోదు.

ఇక చేయవలసిన పనులు. కాయను ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టండి. చెక్క బస్తాలను నేలమీద కాక బల్లలమీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. కొట్టంలో పక్క తడిస్తే ఆ పూటే తీసివేయండి. బూజుపట్టిన పక్కను తీసేటప్పుడు మొదట పందులను బయటికి తోలండి. దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించండి. మీ ముక్కుకు, నోటికి మాస్కు గాని, మడతపెట్టిన గుడ్డ గాని కట్టుకోండి. ఆ దుమ్ము మీ ఊపిరికీ మంచిది కాదు. ఉబ్బసమున్నవారు, పిల్లలు ఆ పనికి పోరాదు. తరువాత నేల కడిగి, ఆరనిచ్చి, గోడలకు సున్నము కొట్టండి. కొట్టంలో గాలి ఆడనివ్వండి.

పంది ఊపిరిని బాగున్న రోజుల్లోనే, తెల్లవారుజామున పడుకొని ఉన్నప్పుడు, నిమిషానికి ఎన్నో లెక్కపెట్టి ఉంచుకోండి. పందికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. మన ఎండలకు మధ్యాహ్నం రొప్పడం దానికి మామూలే. తెల్లవారుజామున కూడా రొప్పుతుంటే అది జబ్బు.

బూజుకు మందులు లేకపోలేదు. కాని వారాల తరబడి ఇవ్వాలి, ఖర్చు ఎక్కువ, మాంసంలో మందు మిగిలిపోయే భయమున్నది. డాక్టరు చెప్పనిదే వాడకండి. ఎవరో చెప్పారని మైలుతుత్తము నీళ్ళు పట్టించకండి. అది ఎక్కువైతే విషము.

సిబ్బందికి ఒక మాట. చచ్చిన పందికి శవపరీక్ష చేయించండి. ఊపిరితిత్తులలో కనబడే తెల్లని, పసుపు గడ్డలు క్షయగడ్డలవలెనే ఉంటాయి. కంటిచూపుతో తేల్చరాదు. ఒక ముక్కను ఫార్మలిన్‌లో, మరొక ముక్కను ఏ మందూ కలపకుండా శుభ్రమైన డబ్బాలో మంచుమీద పంపండి. ఫార్మలిన్‌లో వేసిన ముక్కనుండి బూజు మొలవదు. 1955లో మొదలైన పశువైద్య కళాశాల మన తిరుపతిలోనే ఉన్నది.

అయితే తీవ్రమైన జ్వరంతో పందులు వరుసగా, త్వరత్వరగా చస్తే బూజని కూర్చోకండి. 2020లో మన దేశంలో మొదటిసారి అస్సాములో బయటపడిన ఆఫ్రికా పందిజ్వరము కావచ్చు. శవాన్ని కోయకండి, పందులను కదిలించకండి, అమ్మకండి. వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి.

సోదరులారా! మనము తినలేనిది పంది తింటుందన్న మాట నిజమే. కాని మనము పీల్చలేని గాలిని అదీ పీల్చలేదు. ఈ సాయంత్రము కొట్టంలో పక్క ఎత్తి ఒక్కసారి వాసన చూడండి. మీకు ముక్కు మూసుకోవాలనిపిస్తే, రాత్రికి ముందే దాన్ని తీసివేయండి.

సెలవు.