దారుమూర్తి – దాని రక్షణ
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



బౌద్ధశిల్పమనగానే ఆంధ్రులకు అమరావతి, నాగార్జునకొండల సున్నపురాయి స్ఫురించును. జపాను దేశీయులకు కొయ్యయే స్ఫురించును. క్యోటో నగరమందలి కోర్యూజీ దేవాలయమున మైత్రేయ బోధిసత్త్వుని దారువిగ్రహము కలదు. ఇది క్రీ.శ. 7వ శతాబ్దమునాటిది, ఎఱ్ఱ పైను కొయ్యతో చెక్కబడినది.

మైత్రేయుడు భావి బుద్ధుడు. కుడిపాదమును ఎడమమోకాలిపై నిడికొని, కుడిచేతి వ్రేళ్లను చెక్కిలికడకు జేర్చి, అరమోడ్పు కన్నులతో ఆసీనుడై యున్నాడు. తుషితస్వర్గమున నుండి జీవుల దుఃఖమును తొలగించు మార్గమును చింతించుటయే ఈ భంగిమకు అర్థము. పూర్వపు బంగారు పూత రాలిపోగా నేడు కొయ్యచారలే కనబడుచున్నవి.

818, 1150 సంవత్సరములందు ఆ దేవాలయము దగ్ధమైనను విగ్రహము నిలిచెను. అట్టి మూర్తిని 1960లో ఒక విద్యార్థి తాకగా కుడిచేతి ఉంగరపు వ్రేలు విఱిగెను! నిపుణులు తునకలను ఏఱి మరల అతికిరి.

కొయ్య చెమ్మకు ఉబ్బును, ఆరినచో కుదించుకొనును. ఈ మార్పులు తఱచైనచో పగులును. కావున దారువిగ్రహమును ఎండకును, దీపపు పొగకును, గోడచెమ్మకును దూరముగా నుంచవలెను. తడిగుడ్డయు నూనెయు తగవు. మెత్తని కుంచెతో ధూళిని దులుపవలెను. రంగు పెచ్చులూడుచున్నచో అదియు కూడదు. క్రొత్తగా పురుగుపొడి రాలినచో విగ్రహమును వేఱుగా నుంచి నిపుణునకు చూపవలెను.

పుస్తకము చేతబట్టిననే ఫలించును; దారుమూర్తి చేయి తగులకున్ననే నిలుచును. రెంటిని కాపాడి బిడ్డల కందించుట పెద్దల విధి.